దాచిన దానికి వెల ఎవరు చెల్లించారు?



సంఘ పత్రికలో టీవీ నాటకము గూర్చి వ్రాయడమేమిటి, అందులోనూ ఇటువంటి నాటకము గూర్చి, అని పెద్దలు కొందరు అనుకోవచ్చును. ఒక రాజకీయ నాయకుడు, రహస్యముగా నడిచిన స్వలింగ సంబంధము, దానిని కప్పిపుచ్చడానికి పడిన పాట్లు, చివరకు పతనము – ఇదీ కథ. ఇది కల్పన అయితే మేము కలము పట్టేవారము కాము. ఇంగ్లండులో నిజముగా జరిగిన సంగతి. అందులో దేవాలయాలున్నాయి, ప్రసంగీకులున్నారు, ప్రార్థనలున్నాయి. అందుచేత మనకు సంబంధము లేదని అనలేము.

మా సంఘము నుండి పైచదువుకు ఇంగ్లండు వెళ్ళి అక్కడే ఉద్యోగములో చేరిన యువకుడొకడు మాకు ఫోను చేశాడు. “వందనాలు అయ్యగారూ. నాతో పనిచేసేవాళ్ళు ఈ నాటకము చూసి, మీ క్రైస్తవుల వేషధారణ అంటే ఇదే అంటున్నారు. నేనేమని జవాబు చెప్పను?” అని అడిగాడు. చూడకుండా జవాబు చెప్పడము న్యాయము కాదు గనుక, మేమూ మా గృహిణీ రెండు రాత్రులు కూర్చుని చూశాము. పేరు ‘ఎ వెరీ ఇంగ్లీష్ స్కాండల్’. 2018లో బీబీసీ వారు మూడు భాగములుగా ప్రసారము చేశారు. జాన్ ప్రెస్టన్ 2016లో ప్రచురించిన పుస్తకము దానికి ఆధారము. రస్సెల్ టి. డేవిస్ వ్రాయగా స్టీఫెన్ ఫ్రియర్స్ దర్శకత్వము వహించారు. నాయకుని వేషము హ్యూ గ్రాంట్‌ది, రెండవ వాని వేషము బెన్ విషాది. ఇద్దరూ బాగా నటించారు. అయితే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడదగినది కాదు, ముందే చెబుతున్నాము.

ఆ నాయకుని పేరు జెరెమీ తోర్ప్. తండ్రి పార్లమెంటు సభ్యుడు, తాత ఆంగ్లికన్ సంఘములో ఆర్చిడీకన్. ఈటన్‌లోనూ ఆక్స్‌ఫర్డులోనూ చదివాడు. మాటకారి, నవ్వించగలవాడు, ఎవరి పేరు విన్నా మరచిపోనివాడు. 1959లో ఉత్తర డెవన్ నుండి పార్లమెంటుకు ఎన్నికై, 1967 జనవరిలో లిబరల్ పార్టీకి నాయకుడయ్యాడు. 1974 ఫిబ్రవరి ఎన్నికలలో ఆ పార్టీకి 60 లక్షల ఓట్లు వచ్చాయి. ప్రధానమంత్రి హీత్ స్వయముగా పిలిచి సంకీర్ణ ప్రభుత్వము గూర్చి మాట్లాడాడు. అంత ఎత్తున నిలిచిన మనిషి.

రెండవవాడు నార్మన్ జోసిఫ్. తరువాత స్కాట్ అని పేరు మార్చుకున్నాడు. గుర్రపుశాలలో పనిచేసే కుర్రవాడు. మనస్సు చెదిరి కొంతకాలము వైద్యశాలలో ఉన్నాడు. సహాయము కావాలంటే నన్ను కలువుమని తోర్ప్ ఎప్పుడో అన్న మాట పట్టుకొని, 1961 నవంబరులో చంకలో చిన్న కుక్కపిల్లతో పార్లమెంటు భవనము గుమ్మము దగ్గరకు వచ్చాడు. అప్పటికి అతనికి 21 ఏండ్లు, తోర్ప్‌కు 32. ఆ రాత్రే తోర్ప్ తనను తల్లిగారి ఇంటికి తీసుకొనిపోయాడనీ, అక్కడే ఆ సంబంధము మొదలైందనీ నార్మన్ చెప్పాడు. తోర్ప్ అది అబద్ధమని చివరివరకు అన్నాడు. ఈ రెండు మాటలనూ చదువరులు గుర్తుంచుకోవాలి; మేము న్యాయాధిపతులము కాము.

నాటకము చూస్తున్నంతసేపూ మా మనస్సులో ముల్లులా గుచ్చుకున్నది ఒక చిన్న అట్టముక్క. దానిని నేషనల్ ఇన్సూరెన్స్ కార్డు అంటారు. ఆ రోజులలో అక్కడ పనివానికి అది ఉండి తీరాలి. యజమాని వారము వారము దానిపై స్టాంపు అంటించాలి. స్టాంపులు లేకపోతే పని పోయినప్పుడు భత్యము రాదు, జబ్బు చేసినప్పుడు సాయము రాదు. కార్డే లేనివానికి పని ఇవ్వడానికి యజమానులు వెనుకాడతారు. మన ఊళ్ళలో రేషను కార్డు పోగొట్టుకున్న విధవరాలు ఆఫీసుల చుట్టూ తిరగడము చూచినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. నా కార్డు తోర్ప్ దగ్గర ఉండిపోయింది, తిరిగి ఇప్పించండి అని నార్మన్ ఏండ్ల తరబడి మొరపెట్టుకున్నాడు. పోలీసులకు చెప్పాడు, 1965లో తోర్ప్ తల్లికి పొడవైన ఉత్తరము వ్రాశాడు, దొరికినవారికందరికీ చెప్పాడు. లోకము ఈ కథను మంచముతో గుర్తుపెట్టుకున్నది. కార్డుతో గుర్తుపెట్టుకోవాలని మా మనవి. తనకు చోటిచ్చిన పెద్దమనిషి తన బ్రతుకు తెరువును కూడా పట్టుకొనిపోయాడని ఒక బీదవాడు మొరపెట్టుకుంటున్నాడు. వినడానికి ఎవరికీ తీరిక లేదు.

నార్మన్ నీతిమంతుడని మేము అనడము లేదు. తాగేవాడు, అప్పులు చేసేవాడు, ఆదుకున్నవారిని విసిగించేవాడు. అటువంటివారు మా గుమ్మములోకీ వస్తారు. ఏ కాపరిని అడిగినా చెబుతాడు, వారి మొర వినడానికి ఎంత ఓర్పు కావాలో.

తల్లికి ఉత్తరము అందిన తరువాత తోర్ప్ తన స్నేహితుడు పీటర్ బెసెల్‌ను రంగములోకి దింపాడు. ఈ బెసెల్ కూడా లిబరల్ పార్టీ పార్లమెంటు సభ్యుడే. అంతేగాక కాంగ్రెగేషనల్ సంఘములో ప్రసంగాలు చేసేవాడు. ఆదివారము పీఠము మీద నిలువబడే మనిషి డబ్లిన్ నగరానికి విమానమెక్కి పోయి నార్మన్‌ను బుజ్జగించాడు, ఆ తరువాత వారానికి ఐదు పౌండ్లో ఏడు పౌండ్లో పంపిస్తూ నోరు మూయించాడు. కార్డు మాత్రము ఇప్పించలేదు. మా యువకునికి అతని స్నేహితులు వేషధారణ అన్నారు గదా, ఆ మాట ఇక్కడ తగినదే. దానిని కాదనడానికి మా దగ్గర ఏమీ లేదు.

అంత భయము దేనికని అడుగవచ్చు. ఆ కాలములో ఇంగ్లండులో ఇద్దరు పురుషుల మధ్య అటువంటి సంబంధము నేరము, జైలు శిక్ష. దానిని నేరముల జాబితాలో నుండి తీసివేయాలని 1957లో వుల్ఫెండెన్ కమిటీ సిఫారసు చేసింది. 1965లో ప్రభువుల సభలో ఆ మార్పును సమర్థించినవారిలో కాంటర్బరీ ఆర్చిబిషప్ మైకేల్ రామ్సే ఒకరు. అది పాపమేనని ఆయన నమ్మకము. అయితే ప్రతి పాపమునూ పోలీసులకు అప్పగించనక్కరలేదని ఆయన వాదన. 1967 జులైలో చట్టము మారింది. తోర్ప్ నాయకుడై అప్పటికి ఆరు నెలలు. (మన పాత శిక్షాస్మృతిలో 2024 వరకు ఉన్న 377వ సెక్షన్ కూడా 1860లో ఆ దొరలు వ్రాసి ఇచ్చినదే. పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన సంబంధము నేరము కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. నాటకము ప్రసారమైనదీ ఆ సంవత్సరమే.) వివాహమునకు వెలుపలి దేహ సంబంధము గూర్చి మా సంఘము బోధించేది చదువరులకు తెలుసు, మేము దానికి లోబడినవారమే. మేము ఇక్కడ చూపించదలచినది వేరు. 1967 తరువాత తోర్ప్‌కు జైలు భయము పోవాలి గదా? భయము పోలేదు, పెరిగింది. పోలీసుల భయము పోయి పరువు భయము మిగిలింది. ఈ రెండవది మొదటి దానికన్నా క్రూరమైనది.

1971లో వేల్స్‌లోని ఒక గ్రామములో నార్మన్‌కు చోటిచ్చిన విధవరాలు అతని కథ విని ఊరకుండలేక, ఎంలిన్ హూసన్ అనే లిబరల్ సభ్యునికి తెలియజేసింది. పార్టీలోనే విచారణ పెట్టారు. పెద్దమనుషుల మధ్య పెద్దమనిషి మాటే నెగ్గింది. కాగితములు మూసేశారు.

2 సమూయేలు 11వ అధ్యాయము తెలిసినవారికి తరువాత ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. దావీదు మొదట ఊరియాను ఇంటికి పంపి సంగతి కప్పాలని చూచాడు, తరువాత త్రాగించాడు, అదీ కుదరకపోతే యోవాబుకు ఉత్తరము వ్రాశాడు. తన చేతికి రక్తము అంటనివ్వలేదు. 1975 అక్టోబరు 24 రాత్రి, వాన కురుస్తుండగా, ఎక్స్‌మూర్ కొండ బయలులో ఆండ్రూ న్యూటన్ అనే విమాన చోదకుడు తన కారులో నార్మన్‌ను తీసుకొనిపోయాడు. నార్మన్ వెంట రింకా అనే గ్రేట్ డేన్ కుక్క ఉంది. న్యూటన్ పిస్తోలు తీసి ఆ కుక్కను కాల్చి చంపాడు. తరువాత పిస్తోలు నార్మన్ వైపు త్రిప్పాడు, అది పేలలేదు. ఆ చీకటిలో, ఆ వానలో కుక్క కళేబరము దగ్గర నార్మన్ ఏడుస్తూ మిగిలిపోయాడు. 1976 మార్చిలో న్యూటన్‌కు రెండేళ్ళ శిక్ష పడింది. తన్ను ఆ పనికి డబ్బిచ్చి పెట్టారని 1977లో విడుదలైన తరువాత పత్రికకు చెప్పాడు.

నాటకములో ఈ ఘట్టమును నవ్వు పుట్టించేలా తీశారు. ఇంగ్లండు దేశమంతా అప్పట్లో ఆ కుక్క మీద హాస్యమాడిందట. మాకు నవ్వు రాలేదు. నాతాను రాజు ఎదుట నిలువబడి చెప్పిన కథలోనూ చచ్చినది ఒక నోరులేని జీవమే, బీదవాడు బిడ్డలా పెంచుకున్న గొఱ్ఱెపిల్ల.

మొదటి భాగము అయిన రాత్రి మా గృహిణి ఒక ప్రశ్న అడిగింది. తోర్ప్ 1968 మేలో కారొలైన్ అనే యువతిని పెండ్లాడాడు. పెండ్లి జరిగినది ఎక్కడో కాదు, ఆర్చిబిషప్ నివసించే లాంబెత్ భవనములోని ప్రార్థనాలయములో. పెండ్లికుమారుని తోడుగా నిలిచినది డేవిడ్ హోమ్స్, తరువాత ఇదే కేసులో నిందితుడైనవాడు. 1970లో ఆమె కారు ప్రమాదములో మరణించింది, పసివాడు మిగిలాడు. “పెండ్లికి ముందు ఆ పిల్లకు ఎవరైనా చెప్పారా?” అని మా గృహిణి అడిగింది. ఆ ప్రశ్న వినగానే మా ఇద్దరికీ ఒకే రాత్రి గుర్తుకు వచ్చింది. గుర్తులు మార్చి వ్రాస్తున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట సంఘ పెద్దలలో ఒకరు రాత్రి ప్రార్థన కూటము అయిన తరువాత అందరూ వెళ్ళేవరకు ఆగి, మా ఇంటికి వచ్చారు. “అయ్యగారూ, మావాడికి సంబంధము కుదిరింది. వచ్చే ఆదివారము నుండే ప్రకటన చదివించండి. మూడు వారాలలో పెండ్లి అయిపోవాలి.”

“అంత తొందరేమిటి అన్నా?”

ఆయన ముఖము రెండు చేతులతో కప్పుకున్నారు. కుమారుని ఫోనులో ఏవో సందేశములు తల్లి కంటబడ్డాయి. అవి మరొక యువకునితో. “పెండ్లయితే అన్నీ సర్దుకుంటాయి అయ్యగారూ. నలుగురికీ తెలిస్తే మా పరువేం కావాలి? వీడి తరువాత ఇద్దరు ఆడపిల్లలున్నారు.”

“ఆ అమ్మాయికి చెప్పారా?” అని అడిగాము.

“చెబితే సంబంధము నిలుస్తుందా?”

మరునాడు ఆ అబ్బాయితో మాట్లాడాము. తల వంచుకొని చాలాసేపు కూర్చున్నాడు. “ఆ పిల్లను మోసము చేయాలని నాకు లేదు అయ్యగారూ. నాన్నకు మీరే చెప్పండి. నేను చెబితే నన్ను బ్రతకనివ్వరు” అన్నాడు. అటువంటి స్థితిలో ఉన్న బిడ్డ నోట ఆ అమ్మాయి గూర్చిన చింత రావడము మమ్మును కదిలించింది. వాని తండ్రికి లేని నీతి వానిలో ఉంది.

పెండ్లి ప్రకటనలో ఏమి చదువుతామో చదువరులకు తెలుసు. ఈ ఇద్దరి వివాహమునకు ఎవరికైనా అభ్యంతరము తెలిసినట్లయితే చెప్పండని మూడు ఆదివారములు సంఘమును అడుగుతాము. తెలిసిన మేమే పీఠము మీద నిలువబడి ఆ మాట అడిగి, ఎవరూ లేవలేదని ఆశీర్వదించాలా? ఆ అమ్మాయికి నిజము చెప్పనంతవరకు మా నోటితో ఆ ప్రకటన చదవమని ఆ పెద్దకు చెప్పాము. ఆయన లేచి వెళ్ళిపోయారు. మరొక ఊరిలో, మరొక దేవాలయములో ఆ పెండ్లి జరిగింది. ఆ కుటుంబము మా సంఘమును విడిచింది. కానుకలలో తగ్గుదల చూచి మా కమిటీవారు మమ్మును ప్రశ్నించారు కూడా. రెండు సంవత్సరములు నిండకముందే ఆ అమ్మాయి పుట్టింటికి తిరిగివచ్చింది. ఏమి లోపమని అడిగినవారికి చెప్పుకోలేక, నింద తన మీదనే వేసుకొని బ్రతుకుతున్నది. అబ్బాయి దూరపు పట్టణములో ఒంటరిగా ఉన్నాడు. ప్రతి క్రిస్మసుకు మాకు ఫోను చేస్తాడు. తండ్రి అతనితో మాట్లాడరు. అందరూ కలిసి కాపాడిన పరువు మాత్రము ఆ ఇంట్లో క్షేమముగా ఉంది.

సరే, కథకు వద్దాము. 1976 జనవరిలో నార్మన్ ప్రభుత్వ భత్యము గూర్చిన చిన్న కేసులో బార్న్‌స్టేపుల్ కోర్టుకు వచ్చి, అక్కడ బహిరంగముగా తోర్ప్ పేరు చెప్పేశాడు. ఆ మే నెలలో తోర్ప్ నాయకత్వము వదులుకున్నాడు. 1979 మే 3న ఎన్నికలలో ఓడిపోయాడు, 8న లండను ఓల్డ్ బెయిలీ న్యాయస్థానములో నిందితుల బోనులో నిలువబడ్డాడు. హత్యకు కుట్ర చేశాడని అభియోగము. పార్టీకని ఒక ధనవంతుడు ఇచ్చిన 20,000 పౌండ్లు ఈ పనికి మళ్ళాయని ప్రభుత్వ న్యాయవాదుల వాదన.

ఈ డబ్బు దగ్గరనే మాకు ఒక మంచి మనిషి కనిపించాడు. నాదిర్ దిన్షా. కరాచీలో పార్సీ కుటుంబములో పుట్టి, ఆంగ్లికన్ సంఘములో భక్తిగల విశ్వాసియై, జెర్సీ ద్వీపములో వ్యాపారము చేసుకునేవాడు. తోర్ప్‌కు ఆప్తమిత్రుడు, అతని కుమారునికి జ్ఞానతండ్రి. తోర్ప్ అడిగితే ఆ డబ్బు తన చేతుల మీదుగా హోమ్స్‌కు చేర్చాడు, ఎందుకో ఎరుగడు. సంగతి బయటపడే వేళకు తోర్ప్ వచ్చి, నిజము చెప్పవద్దని వేడుకున్నాడు, చెబితే నిన్ను ఈ దేశము విడిచి పొమ్మంటారని కూడా అన్నాడు. పరాయి దేశములో బ్రతికే నల్ల చర్మము మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో మన ప్రవాసులకు తెలుసు. దిన్షా ఒప్పుకోలేదు. సాక్షిగా నిలిచి జరిగినది జరిగినట్లు చెప్పాడు. స్నేహితుని మీద పగతో చెప్పలేదు. మా యువకునికి ఫోనులో మేము చెప్పినది ఇదే: “బాబూ, బెసెల్ సంగతి వాళ్ళు చెప్పింది నిజమే, ఒప్పుకో. ఒప్పుకున్న తరువాత దిన్షా సంగతి కూడా చెప్పు.”

బెసెల్ మాత్రము సాక్షిగా చెడిపోయాడు. తోర్ప్‌కు శిక్ష పడితే 50,000 పౌండ్లు, పడకపోతే సగము అని ఒక పత్రికతో ఒప్పందము చేసుకున్నట్లు బయటపడింది. తోర్ప్ తరపు న్యాయవాది జార్జి కార్మన్ దానిని బాగా వాడుకున్నాడు. అతడే, తన కక్షిదారునికి గతములో స్వలింగ మొగ్గు ఉండేదని జ్యూరీ ఎదుట ఒప్పుకున్నాడు. తోర్ప్ సాక్ష్యపు బోను ఎక్కనే లేదు. న్యాయమూర్తి కాంట్లీ జ్యూరీకి కేసు వివరిస్తూ నార్మన్‌ను ఎంత నీచముగా మాట్లాడాడంటే, కొద్దిరోజులకే పీటర్ కుక్ అనే హాస్యనటుడు దానిని వేదిక మీద అనుకరించి జనమును నవ్వించాడు. 1979 జూన్ 22న నలుగురు నిందితులూ నిర్దోషులని తీర్పు వచ్చింది.

తీర్పు తరువాత డెవన్‌లోని బ్రాటన్ ఫ్లెమింగ్ అనే గ్రామములో, తోర్ప్ కొరకు దేవాలయములో కృతజ్ఞతా ఆరాధన జరిపారు. న్యాయస్థానము విడిచిపెట్టిన మనిషికి కృతజ్ఞత చెప్పుకునే హక్కు లేదని మేము అనము. కాని ఆ సంగతి చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నార్మన్ కూడా 1975లో ఆ ఉత్తర డెవన్‌లోనే ఉండేవాడు. ఆ రాత్రి కాల్పులు జరిగాయన్నది ఎవరూ కాదనలేదు. ఆ ఆరాధనలో కాపరి స్థానములో మేము ఉంటే విజ్ఞాపన ప్రార్థనలో అతని పేరు చదివేవారమా? ముందు వరుసలో కూర్చున్నవారి ముఖములు చూచి, మడిచి జేబులో పెట్టుకునేవారమా? మనలో ఏ కాపరికైనా ఇది తేలికైన ప్రశ్న కాదు.

నిర్దోషియైనా తోర్ప్ మరల పార్లమెంటు మెట్లు ఎక్కలేదు. వణుకు రోగము పట్టి ఏండ్ల తరబడి మంచము, కుర్చీ ఆధారముగా బ్రతికి, 2014 డిసెంబరు 4న 85వ ఏట మరణించాడు. 1973లో పెండ్లాడిన రెండవ భార్య మారియన్ కేసు నడిచినన్ని రోజులూ, రోగమున్నన్ని సంవత్సరములూ అతనిని విడువలేదు. అదే ఏడాది అతనికంటె కొన్ని నెలల ముందు కన్నుమూసింది. ఆమె గూర్చి ఎక్కడ చదివినా మాకు గౌరవమే కలిగింది.

నార్మన్ గుర్రములు, కుక్కలు పెంచుకుంటూ బ్రతికాడు. 2022లో తన కథ తానే పుస్తకముగా వ్రాశాడు. నాటకము చివర వయసు మళ్ళిన అసలు నార్మన్‌ను కొన్ని క్షణములు చూపిస్తారు. తెర మీద అక్షరములు వస్తాయి. ఆ ఇన్సూరెన్స్ కార్డు అతనికి ఇంకా అందలేదట.